గీత పడని మడత

కువైట్ నుంచి మా తమ్ముడు తెచ్చిన సామానులో చాలావరకు పాత వీడియో గేమ్ కేసెట్లే. అక్కడి శుక్రవారం సంతలో దుప్పటి మీద కుప్పపోసి అమ్ముతుంటే ఏరుకున్నాడట. ఒక్కదానికీ డబ్బా లేదు. అట్ట డబ్బాలు కాబట్టి పిల్లలు కేసెట్ తీసుకుని వాటిని పారేస్తారని చెప్పాడు. అన్నిటికీ మళ్లీ డబ్బాలు చేస్తానన్నాడు. అప్పటికే వాడి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. డయాలసిస్‌కి రాజమండ్రి వెళ్లే రోజులు పోగా మిగిలిన రోజుల్లో చేతికి ఏదో పని ఉండటం మంచిదని నేనూ మా మరదలూ అనుకున్నాం. మా ఇల్లు పక్క వీధే కాబట్టి మధ్యాహ్నాలు వెళ్లి కూర్చునేదాన్ని.

పాత డబ్బాల బొమ్మలు కంప్యూటర్‌లో వెతికి, కేసెట్ కొలత ప్రకారం ఒకే కాగితం మీద అన్ని వైపులూ వచ్చేలా పేర్చేవాడు. మొదట మామూలు కాగితం మీద ప్రింటు తీసి సరిచూసేవాడు. తొలిసారి ప్రింటరు తనంతట తానే బొమ్మని కాస్త చిన్నది చేసింది. కేసెట్ సగం దూరి ఆగిపోయింది. ఉతికితే కురచైపోయిన చొక్కాలా ఉందని నవ్వాడు. మందపాటి అట్ట కాగితం మాత్రం అమలాపురంలో శుభలేఖలు వేసే షాపు నుంచి తెప్పించేవాడు. షాపాయన పెళ్లెవరిదని అడిగితే కేసెట్లదని చెప్పాడట.

ఆ కాగితాన్ని బ్లేడుతో కోసి, మడత రావలసిన ప్రతిచోటా స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో నొక్కి గీత గీయాలి. డయాలసిస్ కోసం వాడి ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు. ఆ చేతి మీద బరువు ఆననివ్వకూడదన్నారు. అందుకని స్కేలు నేను పట్టుకునేదాన్ని.

మొదటి డబ్బా పాడుచేసింది నేనే. మాది ఆత్రేయపురం దగ్గర ఊరు. మా అమ్మ పూతరేకులు చుట్టేది, నేనూ చిన్నప్పుడే నేర్చుకున్నాను. పొడి రేకు మడిస్తే విరిగిపోతుంది. తడిగుడ్డతో అద్ది, మెత్తబడ్డాక నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడవాలి. వాడు మందు వేసుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు, సాయం చేద్దామని, గీత గీయని కాగితాన్ని మడతల దగ్గర తడిగుడ్డతో అద్దాను. నీలం రంగంతా కారి తెల్లటి అంచులోకి పాకింది. వాడు వచ్చి చూశాడు.

“నెయ్యి కూడా రాసేవా అక్కా?” అన్నాడు.

మా మరదలు వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. ఆ తర్వాత గీత గీయకుండా నాకు కాగితం ఇవ్వలేదు. గీత సరిగ్గా పడితే కాగితం దానంతటదే మడతపడుతుంది, మనం బలవంతం చెయ్యక్కర్లేదు అనేవాడు.

వాడు చివరగా చేస్తున్నది మామిడికుదురు స్నేహితుడి డబ్బా. కువైట్‌లో ఇద్దరిదీ ఒకే గది. సెలవు రోజున కార్ల పందెం ఆట ఆడేవారు. ఆ కేసెట్ కొన్నది స్నేహితుడు. డబ్బా చేసి ఇస్తానని మా తమ్ముడు దాన్ని తనతో తెచ్చాడు. ఫోనులో అతను ఎంతవరకొచ్చిందని అడిగితే, ఓడిపోయినోడికి డబ్బా ఒకటా అని వీడు ఏడిపించేవాడు.

ఆ డబ్బాకి గీతలు గీసిన రోజు కూడా స్కేలు నేనే పట్టుకున్నాను. పని పూర్తి కాకుండానే ఆస్పత్రికి వెళ్లడానికి ఆటో వచ్చింది. కాగితాన్ని పాత పేపరులో పెట్టి, నలగకుండా తన పరుపు కింద దాచాడు. వచ్చేక చూద్దామన్నాడు. ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక ఇంకో ప్రింటు తీయించవచ్చేమోనని చూశాను. ప్రింటరులో ఇంకు ఎండిపోయింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఉన్నది ఆ ఒక్క కాగితమే. పాడుచేస్తానని భయపడ్డాను. అంతకన్నా పెద్ద భయం, అది మడిస్తే వాడు మధ్యలో ఆపిన పని ఇంక ఏదీ మిగలదని. పోయినవాళ్ల పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదు, పరుపు తీసేయమని పెద్దవాళ్లు అన్నారు. మా మరదలు తర్వాత చూద్దామంది. నేను కారణం అడగలేదు.

కొన్ని నెలలకి స్నేహితుడు సెలవు మీద వచ్చాడు. ఆదివారం తిరిగి వెళ్లిపోతున్నానని, డబ్బా లేకపోయినా కేసెట్ ఇస్తే చాలని ఫోనులో చెప్పాడు. ఇచ్చేయవచ్చు. కాని మాట ఇచ్చింది మా తమ్ముడు. అతను వచ్చి కూర్చున్నాక పరుపు ఎత్తి కాగితం తీశాను.

వాడు గీసిన ప్రతిచోటా అది మడతపడింది. నేను చెయ్యి ఆనిస్తే చాలు, తనే వంగింది. డబ్బా మూసే చివరి రెక్క దగ్గరికి వచ్చేసరికి గీత లేదు. ఆటో వచ్చింది అక్కడే.

టీ పెట్టడానికి ముందు మా మరదలు బల్ల తుడిచిన తడిగుడ్డ పక్కనే ఉంది. నాకు తెలియకుండానే చెయ్యి దాని మీదికి వెళ్లింది. మా మరదలు గుడ్డ తీసేసి, సొరుగులోంచి ఆ పెన్నూ స్కేలూ తెచ్చింది. స్కేలు తనే పట్టుకుంది. నేను గీశాను. ఎక్కువ నొక్కినట్టున్నాను, మడిచినప్పుడు అంచు పగిలి రంగు కింద తెలుపు కనబడింది.

కేసెట్ సరిగ్గా పట్టింది. అతను డబ్బాని చేతుల్లో తిప్పుతూ బొటనవేలితో అంచులు తడిమాడు. చివరి రెక్క దగ్గర వేలు ఆగింది.

“ఇది మీరాండీ, అక్కగారూ?”

“ఆయ్, నేనే.”

“మిగతాయన్నీ మనోడేనాండీ?”

“వాడే.”

మా మరదలు తెల్లగా ఉన్నచోట స్కెచ్ పెన్నుతో రంగు వేస్తానంది. అతను వద్దన్నాడు. డబ్బాని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, “ఒక్కసారి కూడా నెగ్గనివ్వలేదండీ ఎదవ” అన్నాడు. అని, మా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి పరుపు చుట్టి అరుగు మీద పెట్టి ఉంది. తీసుకెళ్లేవాళ్లకి కబురు పెట్టేనని మా మరదలు చెప్పింది. తర్వాత చూద్దామని ఇన్నాళ్లూ ఎందుకందో అప్పుడు తెలిసింది. ఆ కాగితం నలగకూడదని తనూ అనుకుంది.