ఏ మందులూ లేవన్న యూసుఫ్ చాచా

2023 జనవరి. నిజామాబాద్‌ల ఒక స్కాన్ సెంటర్‌ల టెక్నీషియన్‌గ చేస్తున్న. బోధన్ నుంచి యూసుఫ్ చాచా అనే టైలర్ ట్రోడాట్ స్కాన్‌కి వచ్చిండు. చేతులు కాళ్లను అదుపుల ఉంచే డోపమైన్ కణాలు మెదడుల ఏ మాత్రం మిగిలినయో చూపే స్కాన్ అది. నరానికి సూది మందిచ్చి, మూడు నాలుగు గంటలు ఆగి ఫొటో తీస్తం. మంచిగుంటే తోకలున్న రెండు కామా గుర్తులు కనవడ్తయి. పార్కిన్సన్స్ అయితే తోకలు పోయి చుక్కలు మిగుల్తయి.

చాచాకు రెండు చేతులూ వణుకుతున్నయి. షేర్వాణీలు కుట్టే మనిషి. రంజాన్ సీజన్ రెండు నెలలల్ల ఉంది, కత్తెర పట్టుడే బంద్ చేసిండట.

ఫొటోల ఏం కనవడ్తదో చెప్తె, "చుక్కలే వస్తె కుట్టు మిషన్ అమ్మేస్త బేటీ," అన్నడు. ఫారం నింపుకుంట, మందులేమన్న వాడుతున్నరా అని అడిగిన. ఏం లేవన్నడు. 'నిల్' అని రాసేసిన.

తల కదలకుండ పట్టీ కట్టి స్కాన్ తీసిన. తెర మీద రెండు కామాలు, తోకలతోని నిండుగ. సంతోషపడేది పోయి అనుమానమొచ్చింది. గింత వణుకుకు గింత మంచి ఫొటోనా? డోసు చూసిన, పేరు చూసిన, వేరేటోళ్లది కాదు గద అని మళ్ల చూసిన. అన్నీ సరిగ్గనే ఉన్నయి. స్కాన్‌కి పంపిన డాక్టర్‌కి ఫోన్ చేస్తె, మందుల సంగతి మళ్ల అడగమన్నడు.

బయటికొస్తె చాచా టిఫిన్ డబ్బా పక్కకు పెట్టి, జేబుల నుంచి గోలీల పత్తా తీసి ఒకటి మింగుతుండు. అదేందని అడిగిన.

"గ్యాస్ గోలీ బేటీ. రెండేండ్ల సంది తినే ముందు వేస్కుంట. గది మందా?"

మా దిక్కు గ్యాస్ గోలీని ఎవ్వరూ మందుల్ల కలపరు. మెడికల్ షాపుల చాయ్ అడిగినంత సులువుగ అడిగి తీస్కుంటరు. పత్తా తిప్పి చూస్తె లెవోసల్పిరైడ్ అని ఉంది. కడుపుకిచ్చేదే గని, కొందరికి డోపమైన్ పనికి అడ్డం పడి అచ్చం పార్కిన్సన్స్ లెక్కనే వణికిస్తది. కణాలు మాత్రం బతికే ఉంటయి.

డాక్టర్ ఆ గోలీ ఆపిచ్చిండు. వణుకు తగ్గనీకె నెలలు పట్టింది, రంజాన్ సీజన్ పోనే పోయింది. బక్రీద్‌కి ఫోన్ చేసి, చేతుల వణుకు ఆగింది, కుడుతున్న అన్నడు. మొదలే చెప్తె బాగుండు గద చాచా అన్న.

"కడుపుకేమన్న తింటున్నవా అని ఎవ్వరడిగిండ్రు బేటీ? అడిగితే చెప్పకపోదునా?"

కోపం లేకుండ అన్నడు, అదే నాకు తగిలింది. ఇప్పుడు మందులు వాడుతున్నరా అని అడుగుత లేను. కడుపుకి, నిద్రకి, తల తిరుగుడుకి ఏం మింగుతున్నరు, జేబుల పత్తా ఉంటె చూపియ్యుండ్రి అంటున్న. అన్నప్పుడల్ల, ఆ మనిషిని సరిగ్గ అడగకుండనే 'నిల్' రాసింది నేనే గద అని సిగ్గయితది.