పేరు చెబితేనే కదిలిన చిన్న రైలు

మా చిన్నప్పుడు మా రాజ్యం అత్త 'కోటప్పకొండ' అనేది కాదు... 'ఆ కొండ తిరునాళ్ళ' అనేది. రేషను షాపులో ఇచ్చేది ఊరందరికీ కోటా చక్కెర, మా అత్తకు మాత్రం కార్డు చక్కెర. ఎందుకంటారా... మా మామయ్య పేరు కోటయ్య. మొగుడి పేరులో సగం ముక్క కూడా నోట్లోంచి రాకూడదని ఆవిడ పట్టు. ఓటర్ల పేర్లు రాసుకునేవాళ్ళు వస్తే నన్ను ముందుకు తోసి, "చెప్పవే, మీ మామయ్య పేరేంటో" అనేది.

మాది రేపల్లెకూ పెనుమూడికీ మధ్య చిన్న ఊరు. కరకట్టకు రాళ్ళు మోయడానికి ఎప్పుడో కృష్ణ ఒడ్డు దాకా చిన్న రైలు పట్టాలు వేశారు. ఆ పట్టాల మీద బుస్సుబుస్సుమంటూ తిరిగే బుల్లి ఇంజనుకు మా మామయ్యే డ్రైవరు. మా వీధి మలుపులోకి రాగానే రెండు కూతలు వేసేవాడు... ఆకలేస్తోందని. అత్త క్యారేజీ పట్టుకుని పరుగెత్తేది.

"ఒక్కసారి నన్నూ ఎక్కించుకోండి" అని రోజూ అడిగేదట.

"రాళ్ళ బండే అది. మనుషులు ఎక్కకూడదు. నా ఉద్యోగం ఊడుతుంది" అనేవాడట మామయ్య.

కట్ట పని అయిపోయింది... ఇంజనును ఎక్కడికో తీసుకెళ్ళిపోయారు. మామయ్య సైకిళ్ళు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. పట్టాల మధ్య తుమ్మ, జిల్లేడు మొలిచి మేకలకు మేత అయ్యాయి. ఇక డెబ్బైల మొదట్లో ఒకరోజు కబురొచ్చింది... పట్టాలు పీకేసి పాత ఇనుము కింద అమ్మేస్తారట.

ఆ పూట మా అత్త అన్నం తినలేదు. "నేను ఎక్కకుండానే పోతుందన్నమాట" అంది. నాకు భలే ఏడుపొచ్చింది.

మిషను బడిలో మాకు పాఠాలు చెప్పే సామ్యేలు మాస్టారికి ఈ సంగతి తెలిసింది. ఆయన ఊరుకునే రకం కాదు. రేపల్లె వెళ్ళి ఆఫీసరును అడిగి వచ్చాడు. "ఏదో ఒక బండి పట్టాలు తప్పకుండా కృష్ణ దాకా వెళ్తే పీకడం ఆపుతారట. మన తిప్పలు మనం పడాలి" అన్నాడు.

ఇక చూడండి మా ఊరి హడావిడి... ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే మాస్టారి కుర్రాళ్ళు పలుగూ పారా పట్టుకుని దిగేవాళ్ళు. మా వీధివాళ్ళు కొడవళ్ళతో తుమ్మ కొట్టేవాళ్ళు. మేం పిల్లలం ముళ్ళు ఏరి కుప్ప వేసేవాళ్ళం. ఆడవాళ్ళు చద్దన్నం, మజ్జిగ కుండలు మోసుకొచ్చేవాళ్ళు. ఒకప్పుడు రాళ్ళు మోసి, కాలవలో బోర్లా పడి ఉన్న పాత ట్రాలీని ఎడ్లను కట్టి పైకి లాగాం. వడ్రంగి పైన చెక్కలు కొట్టాడు. చక్రాలకు పూయడానికి మా అత్త తలకు రాసుకునే ఆముదం సీసా తెచ్చి ఇచ్చింది. ఇంజను లేదుగా... వెనక నుంచి కుర్రాళ్ళు తొయ్యాలి, ముందు మామయ్య బ్రేకు పట్టుకోవాలి. అదీ ఏర్పాటు.

ఆ రోజు రానే వచ్చింది. తెనాలి నుంచి, బాపట్ల నుంచి చుట్టాలు దిగారు. ట్రాలీకి పసుపు కుంకుమలు, మామిడాకులు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆఫీసరు గారు గొడుగు వేసుకుని నిలబడ్డారు. మా అత్త పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.

అప్పుడు నాకో కొంటె బుద్ధి పుట్టింది... మా చెల్లెళ్ళను లాక్కొచ్చి పట్టాలకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాను. కొత్త పెళ్ళికూతురు అత్తారింటి గడప దగ్గరకు రాగానే ఆడపడుచులు నిలబడతారే, అలా.

"పేరు చెబితేనే బండి కదిలేది" అన్నాను.

జనం గొల్లున నవ్వారు. "లేవండే అడ్డం... ఆఫీసరు గారు చూస్తున్నారు" అంది అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"పెళ్ళినాడు గొణిగేసి లోపలికి దూరిపోయావటగా, ఎవరికీ వినపడలేదట" అన్నాను నేను.

"చెప్పమ్మా, మాకూ వినాలని ఉంది" అన్నాడు మాస్టారు కూడా.

అత్త తల వంచుకుంది. తర్వాత తలెత్తి, బాగు చేసిన పట్టాల వంక చూసి, గట్టిగా, ఊరంతా వినేలా అంది... "కోటయ్య గారూ నేనూ వచ్చాం. దారివ్వండి."

మేం పక్కకు దూకాం. కుర్రాళ్ళు తోశారు... బండి కదల్లేదు. మళ్ళీ తోశారు, కదల్లేదు. మాస్టారు వంగి చక్రాల కింద చూశాడు. ఆఫీసరు గారు వాచీ చూసుకున్నారు. ఇంత పనీ చేసి ఇక్కడ ఆగిపోయామా అనుకున్నాను.

మా మామయ్య మాత్రం అత్త వంకే చూస్తూ కూర్చున్నాడు, బ్రేకు రెండు చేతులతో బిగించి పట్టుకుని.

"ముందా బ్రేకు వదలండి మహానుభావా" అంది అత్త.

నిమ్మకాయలు చితికి బండి కదిలింది... మా వీధి మలుపులో ఊరంతా కలిసి రెండు కూతలు వేశాం. కృష్ణ ఒడ్డు దాకా ఒక్క చోట కూడా పట్టా తప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆదివారం ఆదివారం ఆ బండి నడిచింది. సూర్యలంక సముద్రానికి వచ్చినవాళ్ళు కూడా పనిగట్టుకుని వచ్చి ఎక్కి వెళ్ళేవాళ్ళు.

ఇప్పుడు ఆ పట్టాలు లేవు, అత్తా మామయ్యా లేరు. పెనుమూడి దగ్గర వంతెన వచ్చింది, కార్లలో రయ్యిమని దాటిపోతున్నాం. మా కోడలు మా వాణ్ణి పొద్దస్తమానం పేరు పెట్టి పిలుస్తుంది, నాకేం అభ్యంతరం లేదు... వాడే ఫోనులోంచి తలెత్తడు. మా అత్త ఒక్కసారి పలికితే మా మామయ్య బ్రేకు వదలడమే మరిచిపోయాడు.

మీ ఇంట్లో పేరు పలకకుండా ఏమని పిలుచుకునేవాళ్ళో... కాస్త మీరూ చెప్పరూ.