వాగొడ్డు నీడ

టెక్సస్ పడమటి ఎడారిలో, కొండల కిందున్న ఆ క్యాంపుకి వెర్నా స్టకీ కాపలాదారు. ఎవరు ఎక్కడ గుడారం వేసుకోవాలో ఆవిడే చూపిస్తుంది. అక్కడ చెట్ల నీడ ఉన్నది ఒక్క ఎండిన వాగు ఒడ్డునే. ఆ చోట మాత్రం ఏళ్లుగా ఆవిడ కాపురముండే చక్రాల ఇల్లు, ఆ ట్రైలరే ఉంటోంది.

ఏటా సెలవులకి వచ్చే హార్లన్‌కి ఈసారి ఒళ్లు మండింది.

“నీడంతా నువ్వే కబ్జా చేసి, మమ్మల్ని ఆ రాళ్లగుట్ట మీద మాడిపొమ్మంటావా వెర్నా?”

“నాకు ఆశ ఎక్కువలే. నోర్మూసుకుని పైకెక్కు.”

తిట్టుకుంటూనే ఎక్కాడు. సాయంత్రం దూరపు కొండల మీద మబ్బు కమ్మింది. ఇక్కడ చుక్క పడలేదు. అయినా వెర్నా ట్రైలర్‌ని బండికి తగిలించి గుట్ట మీదికి లాక్కొచ్చేసింది. కాసేపటికే వాగు బండరాళ్లను దొర్లించుకుంటూ వచ్చి ఆ చోటును ముంచెత్తింది.

హార్లన్ గొంతు తగ్గింది. “ఇంత తెలిసీ అక్కడెందుకుంటావు? ఒక బోర్డు పెట్టిస్తే పోయేదిగా?”

“బోర్డు ఎప్పట్నుంచో ఉంది. నీడ కనబడితే బోర్డెవడు చదువుతాడు?” అంది వెర్నా, నీళ్లకేసి చూస్తూ. “మా ఆయన గుడారం తాడు ఆ బోర్డు గుంజకే కట్టాడు. వరద తీశాక ఆ తాడొక్కటే మిగిలింది.”