చిద్రి నేలా... అంగారకుడి నేలా?

మా చిన్నప్పుడు... దేవదానం మామ పనిచేసే, నల్ల లోహం మీద వెండి నగిషీ చెక్కే బిద్రీ కార్ఖానాలో, తయారైన కూజాలు, డబ్బాలు చుట్టడానికి పాత పత్రికల కట్టలు తెచ్చి పెట్టేవారు. బడి వదలగానే నేను అక్కడే. నున్నటి రంగుల కాగితం కనబడితే మామ నాకోసం పక్కన పెట్టేవాడు.

మామ మా అమ్మకు అన్న. బీదరులో ఆయనకు పేరు వచ్చింది మట్టి వల్ల. బిద్రీ లోహానికి చెరగని నలుపు రావాలంటే మా కోట లోపలి పాత మట్టే కావాలి. అందులో ఏది పనికొస్తుందో మామ ఒక చిటికెడు నాలుక మీద వేసుకొని చెప్పేవాడు.

ఒకరోజు ఆ కట్టలో ఒక ఫొటో దొరికింది. ఎర్రటి నేల... చెల్లాచెదురుగా రాళ్ళు... గులాబీ ఛాయలో ఆకాశం. ఒక మూలన ఏదో యంత్రం కాలు. కింద ఇంగ్లీషులో రెండు వరుసలు. కూడబలుక్కొని చదివాను. అంగారకుడి మీద దిగిన యంత్రం తీసి పంపిన ఫొటో అట!

పక్కన మనిషి లేడు. చూపించమని అడిగేవాళ్ళు లేరు. అయినా అంత దూరంలో ఆ యంత్రం ఒక్కటే నిలబడి, తన చుట్టూ ఉన్నదంతా చూసి మనకు పంపింది... ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

అప్పుడే బడిలో సైన్సు ప్రదర్శన వచ్చింది. రాష్ట్రం పేరు కర్ణాటకగా మారినా, మా తరగతి గోడ మీది పటంలో ఇంకా మైసూరు రాష్ట్రమనే ఉండేది... మేము మాత్రం కొత్త కొత్త బొమ్మలు తేవాలి. కన్నడంలో నేనే అందంగా పేరు రాస్తాను కదా అని, కిందున్న ఇంగ్లీషు వరుసలు కత్తిరించి పారేసి, ఫొటోను అట్టకు అంటించాను.

సైన్సు సారు చూశారు. ఆయన ఇల్లు చిద్రిలో. ఊరి అంచున ఉన్న ఆ ఎర్ర మొరం నేల మీదుగా రోజూ నడిచొచ్చే మనిషి.

"ఇదు నమ్మ చిద్రి!" అన్నారు నవ్వుతూ. మన చిద్రే ఇది, అని. కింద 'మంగళ గ్రహ' అని కన్నడంలో అంగారకుడి పేరు రాసిన నా అక్షరాలు చూశాక ఆ నవ్వు పోయింది. యంత్రం కాలు చూపించాను. ట్రాక్టరుదన్నారు. ఆకాశం చూపించాను. అచ్చులో తప్పన్నారు. రేపటిలోగా రుజువు తేకపోతే ఫొటో గోడకెక్కదు. పైగా ప్రార్థనలో అందరి ముందు అబద్ధమాడానని ఒప్పుకోవాలి.

ఇంటికి వచ్చేసరికి నాకే అనుమానం... ఆ ఇంగ్లీషు సరిగ్గానే చదివానా? చూసిన కొద్దీ అది చిద్రిలాగే కనబడసాగింది.

మామ వచ్చి విషయం విన్నాడు. "మట్టయితే నాలుక మీద పెట్టి చెప్పెటోన్ని. ఇప్పుడేంది బిడ్డా, కాగితం నాకమంటవా?"

"నవ్వకు అన్నా! పొల్ల బడికెల్లి వచ్చినకాడి నుంచి ఏడుస్తున్నది," అని అమ్మ కసిరింది.

మామ ఫొటో పట్టుకొని గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాడు. ఒక్కో రాయి చుట్టూ వేలితో తడుముతూ చూశాడు.

మర్నాడు పొద్దున, నల్లబారిన వేళ్ళతోనే బడికొచ్చాడు.

"సార్, మీరు రోజు ఆ బాటల నడుస్తరు గదా. చిద్రిల మేకపెంటికలు లేని జాగ ఒక్కటి చూపియ్యుండ్రి. బొమ్మ నేనే తీస్కపోత."

సారు ఫొటో అందుకొని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు.

"గడ్డిపోస లేదు. చీమల పుట్ట లేదు. చెప్పు జాడ లేదు. మన దిక్కు ఇంత ఖాళీ నేల ఉంటే ఇయ్యాల్టిదాంక ఇడుస్తరా సార్? ఎవడో ఒకడు హద్దు రాయి పాతి నాదే అంటుండె!"

సారుకు నవ్వు ఆగలేదు. "సరే దేవదానయ్యా, చిద్రి కాదు. మంగళ గ్రహమని ఎట్ల నమ్మాలి?"

"అది నాకు సుత తెల్వదు సార్."

ఆఖరికి ఫొటో గోడకెక్కింది. పేరు పక్కన సారు ఎర్ర సిరాతో పెద్ద ప్రశ్న గుర్తు పెట్టారు. ప్రార్థనలో నన్నెవరూ నిలబెట్టలేదు. అయినా ఆ ఎర్ర గుర్తు చూస్తే నాకు ఏడుపు వచ్చింది.

"ఉండనీ బిడ్డా. మనం పోయి చూసొచ్చినమా?" అన్నాడు మామ.

ప్రదర్శన రోజు, ఆ ప్రశ్న గుర్తు చూసి వచ్చినవాళ్ళంతా అక్కడే ఆగారు. వాదించుకున్నారు. ముక్కు ఆనించి మరీ చూశారు. మనవడి కోసం దుబల్గుండి నుంచి వచ్చిన ఒక రైతు తాత నన్నడిగాడు.

"ఈడ వానలు పడయా అమ్మా?"

"పడవు తాతా."

"ఎన్నేండ్ల సంది?"

నేను సారు కోసం చుట్టూ చూశాను. "పాపం... నేల మంచిగనే ఉన్నట్టుంది," అని తాత కాగితాన్ని అరచేత్తో నిమిరాడు.

చాలా ఏళ్ళకు, హైదరాబాదులో డిగ్రీ చదువుతుండగా, లైబ్రరీ పుస్తకంలో అదే ఫొటో కనబడింది. అదే యంత్రం కాలు. కింద అదే పేరు. నేను చదివింది సరిగ్గానే చదివాను! అప్పటికి మామ లేడు. సారుకు ఉత్తరం రాద్దామనుకున్నాను... రాయలేదు. ఆయన నన్ను అనుమానించడం తప్పేనా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ ఎర్ర సిరా గుర్తే లేకపోతే అంతమంది అక్కడ ఆగేవారా?

ఇప్పుడు శని వలయాలు, గురుడి చందమామలు, అంగారకుడి గుట్టలు పొద్దున కాఫీ తాగేలోపే ఫోనులోకి వచ్చేస్తున్నాయి. మొన్న ఒకటి మా తమ్ముడి కూతురికి చూపించాను. "మార్సే కదత్తా," అని వేలితో పైకి తోసేసింది. దానిది తప్పని అనను. దానికి అనుమానం లేదు, అంతే... నేను మాత్రం ఇప్పటికీ ఒక్కో ఫొటో దగ్గర ఆగిపోతాను. ఆ యంత్రాలకు మనసులో దండం పెట్టుకుంటాను.

మీరు మరో లోకపు నేలను మొదటిసారి ఎక్కడ చూశారు? అప్పుడు మీ పక్కన ఎవరున్నారు, ఏమన్నారు? రాయండి... నాకు ఆ పక్కనున్నవాళ్ళ మాటలే ఎక్కువ వినాలని ఉంది.