ఊదా పూల అనప

హనుమక్క పీకిన చోట మళ్లీ మొలవాలంటే గడ్డికి కూడా భయమేనని సోలార్ పార్కులో తోటి ఆడకూలీలు ఎగతాళి చేస్తుంటారు. ఎగతాళే గానీ అబద్ధం కాదు. తక్కినవాళ్లు కొడవలితో పైపైన కోసి ముందుకు పోతారు. హనుమక్క అలా కాదు. గొంతుకూర్చుని, మొదలు పట్టుకుని, కాస్త అటూ ఇటూ ఆడించి, వేరు తెగకుండా లాగుతుంది. మట్టి దులిపి వేరును ఒకసారి చూసుకుంటే గానీ పక్కన పడేయదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ శనక్కాయ చేలో కలుపు తీసిన చేతులు మరి. కూలికి పోయినంత మాత్రాన వాటి బుద్ధి మారుతుందా?

ఇందులో తమాషా ఏమిటంటే, ఆమె కూలికి పోయి కలుపు తీసేది తన చేలోనే. కర్ణాటకలో నాగలమడిక పక్కనున్న ఆ ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏళ్లలో అందరూ భూములను పార్కుకు లీజుకిచ్చారు, వాళ్లూ ఇచ్చారు. పంటల్ని మాడ్చి చంపిన ఎండే ఇప్పుడు పిలిచి అన్నం పెడుతోందని ఆమె మొగుడు నారప్ప టీ అంగడి దగ్గర కూర్చుని కనబడినవాళ్లకల్లా చెబుతుంటాడు. అదీ నిజమే. భూమి ఇచ్చినందుకు హనుమక్క ఏనాడూ ఏడవలేదు. ఆమె ఏడ్చింది వేరే దానికి, అదీ చాలా ఆలస్యంగా.

లీజు సంతకాలైన రోజు ఇంటినిండా చుట్టాలు. అప్పటికి అత్త ఓబక్క ఇంకా బతికే ఉంది. అటక మీద ఆమె విత్తనాల కుండ ఉండేది. బూడిద కలిపి, మూతికి పేడ మెత్తి దాచిన అనపగింజలు. ఓబక్క కొత్త కోడలిగా వచ్చినప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనం అది. ఏటా శనక్కాయ సాళ్ల మధ్య వేసేవాళ్లు. కాయ చిన్నదే, వాసన మాత్రం వీధి చివరిదాకా పోయేది. పూలు ఊదా రంగు. సంగటిలోకి ఉప్పూ మిరపకాయా తప్ప ఏమీ లేని కరువు రోజుల్లో కూడా ఆ కుండ జోలికి ఎవరూ పోలేదు. విత్తనం వండుకు తినకూడదని ఆ ఇళ్లలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఆ రోజు హనుమక్క కుండ దించింది, చుట్టాలకు పితికిపప్పు చేద్దామని.

"అది విత్తనం, దించొద్దు" అంది ఓబక్క.

"నేలే లేకపాయె. ఇంగ గింజలు యాడ చల్లుతావుమా, నెత్తినా?" అన్నాడు నారప్ప.

అందరూ నవ్వారు. హనుమక్క కూడా నవ్వింది. నానబెట్టిన గింజలను కోడళ్లూ కూతుళ్లూ చుట్టూ కూర్చుని పొట్టులోంచి పితికారు. పప్పు బ్రహ్మాండంగా కుదిరింది. ఓబక్క మాత్రం ఆ పూట మజ్జిగ పోసుకుని తిని లేచిపోయింది. తర్వాత కొన్నాళ్లకు ఆమె పోయింది, ఆ మాట మళ్లీ ఎత్తకుండానే.

ఈ ఏడు దసరా సెలవులు అయిపోయిన వారంలో హనుమక్క ముఠా ఆమె చేను వైపుకు చేరుకుంది. అన్నీ ఒకే రకం ప్యానెళ్లు, కానీ తన చేనును ఆమె నల్లబండ గుర్తుతో పట్టేస్తుంది. మిషన్లు కూడా కదిలించలేక వదిలేసిన బండ అది. దాని పక్కన ఇనుప కంబానికి అల్లుకుని ఒక అనపతీగ కనబడింది. ఊదా పూలు. కింద అప్పుడే పడుతున్న లేతకాయలు. ఎప్పుడో రాలిన గింజ, బండ చాటున ఎవరి కంటా పడకుండా ఏటేటా తనంతట తానే మొలుస్తూ వచ్చిందన్నమాట. హనుమక్క ఆకు నలిపి వాసన చూసింది. అదే వాసన.

అంతలో కుర్ర సూపర్‌వైజర్ యోగీశ్ వచ్చాడు. "హనుమక్కా, ఆ తీగె పైకెక్కుతా ఉండాది చూడు. ప్యానెల్ మింద నీడ పడితే సార్లు నన్నడుగుతారు. నీ మాదిరి పీకేవాళ్లు ఎవురూ లేరు, నువ్వే తీసెయ్."

నాలుగు వారాలు ఆగప్పా, కాయ ముదరనీ అని నోటిదాకా వచ్చింది. అంటే ఆ పిల్లాడు కాదనేవాడు కూడా కాదేమో. కానీ అంతగా పొగిడినవాణ్ని ఆగమని బతిమాలడానికి ఆమెకు నామోషీ అయింది. తోటివాళ్లు చూస్తున్నారు. మొదలు పట్టుకుంది, అటూ ఇటూ ఆడించింది, లాగింది. వేరు మొత్తం వచ్చింది.

ఆ సాయంత్రమే మనవరాలు ధనశ్రీ బడి నుంచి గంతులేసుకుంటూ వచ్చింది. రెండో తరగతి. ఈ టర్మ్‌లో సవిత మిస్ వాళ్లకు గింజల పాఠం చెబుతోంది. పుస్తకం కన్నడలో ఉన్నా ఇంటికొచ్చాక పిల్లకు పాఠమంతా తెలుగులోనే పొంగుకొస్తుంది.

"అవ్వా, గింజలోనుంచి ముందు ఏమొస్తాది చెప్పు?"

"ఆకు" అంది హనుమక్క, తెలిసీ తెలియనట్టు.

"కాదు, వేరు. ముందు వేరు కిందికి పోతాది, ఆమైన ఆకు పైకొస్తాది. మిస్ తడిగుడ్డలో పెట్టి చూపిచ్చినారు. అవ్వా, ఎవురింటి చేని గింజ వాళ్లు తేవాలంట. డబ్బాలో ఏసి పూలొచ్చేదాకా సాకాలంట. మన చేన్లో ఏం పండుతా ఉండె?"

హనుమక్క ముందూ వెనకా చూసుకోలేదు. చేను మాట అడిగేసరికి ఉప్పొంగిపోయింది. "అనప. మన అనప మాదిరి ఈ చుట్టుపట్ల యాడా లేదు. వంకాయ పువ్వు ఉండాదే, ఆ రంగు పూలు. తెచ్చిస్తాలేమ్మా" అనేసింది.

అనేశాక గుర్తొచ్చింది. అటక మీది కుండలో ఇప్పుడు కోడలు బట్టల క్లిప్పులు వేసుకుంటోంది. ఇక మిగిలిన తీగను ఆ మధ్యాహ్నమే తన చేతులతోనే పీకింది.

మర్నాడు పని మొదలవ్వక ముందే కంచె దగ్గరి కలుపు కుప్ప కెలికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఊళ్లో మారప్ప మేపే గొర్రెలు అప్పటికే సగం కుప్ప మేసేశాయి. వాడిపోయిన తీగ ముక్క ఒకటి దొరికింది. కాయలు ఒలిచి చూస్తే లోపల గింజ పట్టనే లేదు.

ఉన్న మాట పిల్లతో చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. చెప్పలేకపోయింది. పావగడకు పోయి ఎరువులంగడిలో అనప విత్తనాల పొట్లం కొనుక్కొచ్చింది. గింజలకు ఎర్రగా మందు పూసి ఉంది. రంగు పోయేదాకా కడిగి, చీర కొంగుతో తుడిచి, "ఇదోమ్మా, మన చేని గింజ" అని పిల్ల అరచేతిలో పెట్టింది. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్మేవాళ్లను ఆమె జీవితమంతా తిట్టింది. ఇప్పుడు తనూ అదే పని చేసింది.

గింజ మొలిచింది. పెయింటు డబ్బాలో, బడి గోడ పక్కన, ధనశ్రీ పోసిన నీళ్లకు తీగ సాగింది. మా చేని అనప, మా అవ్వ తెచ్చిన విత్తనం, ఊదా పూలు పూస్తుంది చూడండని పిల్ల తరగతంతా చాటింది. రోజూ ఇంటికొచ్చి ఎంత పెరిగిందో చేత్తో చూపించేది. హనుమక్క చూసి తలూపేది. వేసింది ఒకటైతే మొలిచేది ఇంకొకటవుతుందా? ఆ తీగ ఎలా పూస్తుందో ఆమెకు తెలుసు.

క్రిస్‌మస్ సెలవుకు ముందు ఒక సాయంత్రం ధనశ్రీ గంతులు లేకుండా వచ్చింది. అవ్వ చెయ్యి పట్టుకుని బడికి లాక్కుపోయింది. డబ్బా ముందు నిలబెట్టింది. తీగ నిండా పూలు. తెల్లటి పూలు.

"మీ అవ్వ అబద్ధం చెప్పిందన్నాడు మా క్లాసు ఈరేశ్. నేను వాన్ని కొట్టినా."

హనుమక్క ఒక పువ్వును వేళ్లతో తిప్పి చూసింది.

"అబద్ధం కాదు కదవ్వా? నాకు తెలుసు ఎందుకైందో. ప్యానెళ్ల కింద ఎండ తగలదు గదా. నీడలో ఉండి ఉండి మన చేను దాని రంగు మర్చిపోయింటాది" అంది పిల్ల. అవ్వను కాపాడడానికి తనకొచ్చిన పాఠమంతా కూడదీసుకుని ఆ ఒక్క కారణం కనిపెట్టింది.

తనను అబద్ధాలకోరంటే హనుమక్క పడి ఉండేదేమో. చేనును అంటే పడలేకపోయింది. అక్కడే గోడకానుకుని కూలబడి ఏడ్చింది.

"చేను మర్చిపోలేదమ్మా. ఇది అంగట్లో కొన్న గింజ. మన అనప చేన్లో మొన్నటిదాకా ఉండె, ఊదా పూలతోనే ఉండె. నేనే పీకేసినా."

పిల్ల తెల్లపూలను చూసింది. ఏడవలేదు. తర్వాత మొహం కొంచెం వెలిగింది.

"వేరు ఉంటాది కదవ్వా భూమిలో? వేరుంటే మళ్లా వస్తాదని మిస్ చెప్పినారు."

హనుమక్క తన చేతుల వంక చూసుకుంది.

"వేరుతో సహా పీకినానమ్మా" అంది.

వేరంటే ఏమిటో ఆ పిల్ల ఈ టర్మ్‌లోనే నేర్చుకుంది.