తలుపు వేసే ఉంది

విచారణాధికారి నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "ఆ రోజు నది తలుపు వేసి ఉందా, లేదా?"

"ఆ సమయంలో నేనక్కడ లేనండీ" అన్నాను.

అందులో అబద్ధం లేదు. కానీ తలుపు వేసే ఉందని నాకు తెలుసు. వేసిన మనిషి అప్పుడే ఫోన్ చేసి చెప్పాడు. వేసినా నీళ్లు ఎందుకు ఆగలేదో కూడా తెలుసు. ఆ రెండు ముక్కలూ నేను మింగేయడం వల్ల, ఉద్యోగం చివరికొచ్చిన ఒక మనిషి ముప్పై ఏళ్లు కాపురమున్న ఇంట్లోంచి బయటికి పోవలసి వచ్చింది. చేసిన పని చేయలేదన్న మాట కూడా పడ్డాడు. మూడేళ్లు ఎవరికీ చెప్పకుండా దాచినది ఇప్పుడు రాస్తున్నాను.

బర్మాలో మేముండే ఊళ్లో, చిమిండైంగ్‌లో బజారు దాటాక, నది ఒడ్డున పాత పంపు స్టేషను ఉండేది. పోటు వచ్చినప్పుడు నది మా వీధి కాలువల కన్నా ఎత్తుకు లేస్తుంది. అప్పుడు కాలువ చివర ఉన్న ఇనుప తలుపు దించి, లోపల చేరిన వాన నీటినీ మురుగునీ పంపులతో నదిలోకి తోడిపోయాలి. ఆటు మొదలవగానే తలుపు ఎత్తాలి. ఆ తలుపు చక్రం తిప్పే ఆపరేటరు మా తెలుగాయనే. ఆయన తాతా మా తాతా పక్క పేట అహ్లోన్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవాళ్లు. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మావా అని, ఆయన భార్యని అత్తా అని పిలిచేవాణ్ణి. స్టేషను వెనకే ప్రభుత్వం ఇచ్చిన క్వార్టర్లో ఉండేవారు.

ఆ స్టేషను పడగొట్టి కొత్తది కట్టే పని మా కంపెనీకి వచ్చింది. అంతకుముందు పద్ధతి వేరు. ఒకరు నమూనా గీసేవారు, ఇంకొకరు కట్టేవారు. గీసినవారు వచ్చి, కట్టినవాడి తప్పు పట్టుకునేవారు. ఈసారి డిజైన్-బిల్డ్ అన్నారు. అంటే గీసేదీ కట్టేదీ ఒకే కంపెనీ, ఒకే ఒప్పందం. పై కట్టడం ఇంకా కాగితం మీద ఉండగానే పునాది తవ్వుకోవచ్చు. పని తొందరగా అవుతుంది, నింద ఒకరి మీదికి ఒకరు నెట్టుకోవడం ఉండదు. నేను సైటు ఇంజనీరుని. ఈ పద్ధతిని అందరి దగ్గరా తెగ మెచ్చుకున్నాను.

డిజైన్ చేసేవాళ్లు మా కంపెనీ తరఫున వచ్చిన విదేశీయులు. మా ఆఫీసులోనే పక్క గదిలో కూర్చునేవారు. సైటులో అనుమానం వస్తే ఒక ఫారం నింపి ఇచ్చేవాణ్ణి. పై గడిలో సైటు ప్రశ్న, కింది గడిలో డిజైన్ జవాబు. ఆ ఫారం ఆ గదిలోంచి ఈ గదిలోకి వచ్చేది, అంతే.

అప్పుడు సైన్యం గద్దెనెక్కింది. ఊరంతా వీధుల్లోకి వచ్చింది. సర్కారు ఉద్యోగులు సమ్మెకి దిగారు, వాళ్లలో మావ కూడా ఉన్నాడు. మా పక్క గది వాళ్లు దొరికిన విమానం ఎక్కి వెళ్లిపోయారు. ఇంటర్నెట్ పోయింది. పంపిన ఉత్తరానికి జవాబు రావడం మానేసింది. మిగిలింది నేను, మా మేనేజరు, కొంతమంది కూలీలు. వేరే కంపెనీ అయితే పని ఆగిపోయేదే. మాది ఆగలేదు. గీసేదీ కట్టేదీ మేమే కదా.

పాత స్టేషను గోడ పడగొట్టే ముందు రోజు మావ లుంగీ పైకి కట్టుకుని వచ్చాడు.

"సమ్మెలో ఉన్నావు కదా మావా, ఏటి ఇలా వొచ్చావు?" అన్నాను.

"పనికి సమ్మె గానీ, సలహాకి సమ్మె ఏటిరా? ఇలారా, సూపిస్తాను."

లోపలి గోడ మీద తెల్లటి గీతలున్నాయి. ఏటా వానాకాలంలో అన్నిటికంటే పెద్ద పోటు వచ్చిన రోజున, తన కిళ్లీ సున్నం వేలితో తీసి, నది నీళ్లెంతవరకు లేచాయో అక్కడ గీసేవాడట. ఆయనకు ముందున్న ఆపరేటరూ అలాగే గీశాడట. అన్నిటికీ పైనున్న గీత మీద చెయ్యి పెట్టి అన్నాడు.

"మీ కొత్త తలుపు నెత్తి దీనికి కిందే ఆగిపోతాదని మీ కుర్రోళ్లు అంటన్నారు. నిజిమేనా?"

"నీ సున్నం చూసి డ్రాయింగు మార్చమంటావేటి మావా?"

"మార్చకు. మీ డ్రాయింగుకి ఈతొచ్చా? వొస్తే బాధ లేదులే."

కూలీలు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన వెళ్లాక మట్టం పరికరం తెచ్చి ఆ గీతను కొలిచాను. ఆయన చెప్పిందే నిజం. ఆఫీసుకెళ్లి కాగితాలన్నీ తిరగేస్తే తప్పు దొరికింది. నది మట్టాల లెక్క రేవు వాళ్లది. వాళ్లు ఎత్తు కొలవడం మొదలుపెట్టే సున్నా నదిలో ఒక మట్టం. నేల మట్టాలు ఊరి సర్వే వాళ్లవి, వాళ్ల సున్నా వేరే మట్టం. గీసినవాళ్లు రెంటినీ ఒకటే అనుకుని కలిపేశారు. దాంతో తలుపూ, మోటార్లు కూర్చునే నేలా, రెండూ మూరెడు కిందికి దిగిపోయాయి.

ఫారం తీసి పై గడిలో అంతా వివరంగా రాశాను. ఎవరికివ్వాలో తెలియక మేనేజరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బర్మా మనిషి, చెడ్డవాడు కాదు.

"తలుపు వంతెన అవతల తన్లిన్ వర్క్‌షాపులో తయారైపోయింది సయా" అన్నాడు బర్మీస్‌లో. మా ఊళ్లో ఇంజనీరునీ పంతులునీ సయా అనే అంటారు. "మళ్లీ చేయించాలంటే ఇనుమెక్కడ? వంతెన ఎప్పుడు మూస్తారో ఎవరికి తెలుసు? కింది గడి కూడా మీరే నింపండి. రెండు వైపులా మనమే కదా."

నింపాను. "ప్రస్తుత మట్టం సరిపోతుంది" అని రాసి సంతకం పెట్టాను. నేనడిగిన దానికి నేనే జవాబు చెప్పుకున్నాను. మర్నాడు ఆ గోడ కూల్చేయించాను. ఎవరూ తొందర పెట్టలేదు. నాకే ఆ గీతలు కళ్లముందు లేకుండా పోతే బాగుండుననిపించింది.

వానలు వచ్చేలోగా కొత్త తలుపూ మోటార్లూ బిగించాం. వానల్లో అంటుజబ్బు ఊరంతా పాకింది. ఇల్లు కదలొద్దన్నారు. సైటు మూసి నేను అహ్లోన్‌లో ఇంట్లో కూర్చున్నాను. పెద్ద పోటు వచ్చిన ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అల్లుడా, తలుపు దగ్గర ఎవుడూ లేడు. నానే దింపీసేను. పూర్తిగా అడుగు దాకా దింపేను. అయినా దాని నెత్తి మీంచి దూకుతోందిరా నీరు. మోటార్లు మునిగిపోతన్నాయి."

"సరే మావా, చూస్తాను" అన్నాను. చూడ్డానికేముంది? సందుల్లో ఇళ్లన్నిటిలోకి మురుగు నీళ్లు వచ్చాయి. కొత్త మోటార్లన్నీ పోయాయి.

విచారణకి మావని పిలవలేదు. సమ్మెలో ఉన్నవాడి మాట ఎవరిక్కావాలి? ఆపరేటరు విధులకు రాకపోవడం వల్ల తలుపు తెరిచి ఉండిపోయిందని తేల్చారు. క్వార్టరు ఖాళీ చేయమన్నారు. సందులో జనం కూడా అదే నమ్మారు. నిజానికి సమ్మె కట్టు తప్పాడన్న మాట వస్తుందని తెలిసీ, ఆ ఇళ్లు మునగకూడదనే ఆయన ఆ చక్రం తిప్పాడు.

వాళ్లు సామాను వ్యానులోకి ఎక్కిస్తుంటే నేను సైటు గుమ్మంలో నిలబడి ఉన్నాను. మావ వచ్చి, "ఒస్తాను అల్లుడా, తన్లిన్‌లో అమ్మాయింటికి" అన్నాడు. ఏమీ అడగలేదు. అత్త మాత్రం వ్యాను దగ్గర్నుంచి ఆయన మీద కేకేసింది.

"రా రా! చక్రం సరిగ్గా తిప్పుంటే ఇంత బాధెందుకు?"

నేనక్కడే ఉన్నాను. విన్నాను. తలొంచుకుని లోపలికి పోయాను.

ఆ తర్వాత మోటార్లు మారుస్తూ తలుపు ఎత్తు కూడా పెంచాం. ఎంత? సరిగ్గా మూరెడు. అదనపు జాగ్రత్త అని కాగితాల్లో రాశాను. మా కంపెనీ ముందుచూపును పై అధికారి మెచ్చుకున్నాడు. 

మూడేళ్లు గడిచాయి. ఈ మధ్యలో రెండు మూడుసార్లు తన్లిన్ బస్సెక్కి, వంతెన దాటకుండానే దిగిపోయాను. పోయిన నెల ముందుగా ఆ ఫారం నకలూ, జరిగినదంతా రాసిన కాగితమూ విచారణాధికారి ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్నారు. ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత బస్సెక్కి ఈసారి చివరిదాకా వెళ్లాను.

మావ కూతురింటి ముందు స్టూలు మీద కూర్చుని బటానీలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి, "ఓహో, ఇంజనీరు బాబే! దారి తప్పేవా ఏటి?" అన్నాడు. అత్త లోపల్నుంచి టీ తెచ్చి, మొహం నాకేసి తిప్పకుండా పెట్టింది.

టీ ముట్టకుండా అంతా చెప్పాను. సున్నాల సంగతి, ఫారం సంగతి, ఫోన్ సంగతి, విచారణలో నేనన్న మాట. మావ బటానీలు ఒలుస్తూనే విన్నాడు.

"మూరెడా?" అన్నాడు చివరికి. "నాను జానెడనుకున్నాను."

"మావా, నన్ను..."

"ఆగరా. నాకెందుకు సెప్తావు? నాను ఏసేనని నాకు తెల్దేటి? మూడేళ్లుగా ఇంట్లో రోజూ తిట్లు తింటన్నాను. అదిగో, దానికి సెప్పు."

అత్త గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. లేచి ఆమె ముందుకెళ్లాను. 

"అత్తా, ఆయన తలుపు ఏసేడు. అడుగు దాకా ఏసేడు. నాకా రోజే తెలుసు. తెలిసీ నోరిప్పలేదు. మీ ఇల్లు పోగొట్టింది నేను, ఆయన కాదు. తప్పు నాది. నన్ను క్షమించు."