గడ్డిలోకి రావద్దన్న అంకుల్

మా పక్కింటి అంకుల్ మంగళవారం పొద్దున హాస్పిటల్‌లో పోయారు. ఆంటీ ఫోన్ చేసి అమ్మతో "అయిపోయింది వదినా" అన్నారు, అంతే. నాకు రాయడం అలవాటు లేదు. నలుగురిలో మాట్లాడటం అసలు రాదు. అంత్యక్రియల రోజు చెప్పలేకపోయింది మన వీధి గ్రూపులో పెడుతున్నాను.

అంకుల్ పోలీసు హెలికాప్టర్‌లో పనిచేసేవారు. పిల్లలు పైలట్ అంకుల్ అంటే ఒప్పుకునేవారు కాదు. "నడిపేటోడు ముంగట ఉంటడు. నేను ఎన్క కూసొని టీవీ చూస్త" అని నవ్వేవారు. ఆ టీవీ ఒంటి వేడిని చూపించే కెమెరా. మసక చీకట్లో కూడా మనిషి తెల్లగా కనిపిస్తాడట. డ్యూటీ నుంచి వచ్చి కారు దిగాక కూడా ఆయన ఒకసారి ఆకాశం చూసి, తర్వాతే తలుపు తీసేవారు.

మా తమ్ముడికి ఏడేళ్ళు. మాటలు రావు. గేటు తెరిచి ఉంటే వెళ్ళిపోతాడు, పిలిస్తే పలకడు. పోయిన చలికాలం ఒక సాయంత్రం మన క్లైడ్ నార్త్ కాలనీ వెనక, ఇంకా ఇళ్ళు కట్టని గడ్డిలోకి వెళ్ళిపోయాడు. అక్కడ వాగుంది. అమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తింది. మీరంతా పార్టీలో బర్త్‌డే కేక్ వదిలేసి, పట్టుచీరలతోనే గడ్డిలోకి దిగారు. ఆ రోజు వచ్చిన ఎవర్నీ నేను మర్చిపోను.

నాన్న పోలీసులకి ఫోన్ చేస్తే హెలికాప్టర్ వచ్చింది, పైన తిరుగుతూనే ఉంది. మైకులో ఇంగ్లిష్‌లో ఏదో చెప్పారు, ఆ గోలలో ఎవరం పట్టించుకోలేదు. ఉన్నట్టుండి పైనుంచి తెలుగు వినపడింది.

"నేను, అంకుల్‌ని. గడ్డిల దేవులాడేటోళ్ళు అందరు రోడ్డు మీదికి పోండ్రి. మీరందరు తెల్లగ కనవడుతున్రు, పిల్లగాడు ఏడున్నడో తెలుస్తలేదు."

అమ్మ రానంది. "నా బిడ్డని వదిలేసి రోడ్డు మీద నిలబడమంటాడేంటి ఆయన!" అని అరిచింది. ఇద్దరు ఆంటీలు పట్టుకుని లాక్కొచ్చారు. గడ్డి మొత్తం ఖాళీ అయ్యాక వాగు గట్టున చెట్టు కింద ఒక్క తెల్ల చుక్కే మిగిలిందని అంకుల్ తర్వాత చెప్పారు. లైటు అక్కడ ఆగింది. పోలీసులు చేరేసరికి తమ్ముడి పాదాలు నీళ్ళలో ఉన్నాయి.

మర్నాటి నుంచి అంకుల్ మా పెరట్లో వాడికి నేర్పించారు. "చెట్టు కింద దాక్కోవద్దు బిడ్డా. హెలికాప్టర్ ఇనబడంగనే బయట పండుకో, చేతులు చాపు. నేను చూస్త." వాడికేం అర్థమవుతుందని నాన్న అంటే, "నీకన్న జల్ది నేర్చుకుంటడు, ఆగు" అన్నారు. తనూ గడ్డిలో వాడి పక్కనే పడుకునేవారు. వాడు నేర్చుకున్నాడు.

జబ్బు ముదిరాక హాస్పిటల్‌కి వెళ్ళాను. ఆయనే "తమ్ముడు పండుకుంటున్నడా?" అన్నారు. తలూపాను. మీరు లేకపోతే వాణ్ణెవరు చూస్తారని అడగాలనుకున్నాను. అడగకుండానే వచ్చేశాను.

ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. వాడు మళ్ళీ వెళ్ళిపోతాడు. కొత్త తాళం పెట్టాం, దాన్ని తీయడమూ నేర్చుకున్నాడు. ఇక పైనుంచి ఎవరూ తెలుగులో చెప్పరు. హెలికాప్టర్ రాగానే మీరే రోడ్డు మీదికి వచ్చేయండి. ప్లీజ్. అమ్మ రానంటుంది, పట్టుకోండి. నేనూ రానంటానేమో, నన్నూ పట్టుకోండి.

నిన్న మధ్యాహ్నం హెలికాప్టర్ మన ఇళ్ళ మీదుగా వెళ్ళింది. తమ్ముడు అన్నం వదిలేసి పెరట్లోకి పరిగెత్తి, వెల్లకిలా పడుకుని చేతులు చాపాడు. అది ఆగకుండా వెళ్ళిపోయింది. వాన మొదలైంది. "లోపలికి రా నాన్నా" అని అమ్మ పిలుస్తూనే ఉంది. వాడు కళ్ళు తెరుచుకుని పైకే చూస్తూ, పక్కన అంకుల్‌కి చోటు వదిలి, అలాగే పడుకుని ఉన్నాడు.